మొలతాడుకు కట్టిన సీసం కడ్డీ

మా అత్తకు తప్పు ఒప్పుకోవడం చేతకాదు. పులుసులో ఉప్పు ఎక్కువైతే ఆ తప్పు చింతపండుది. రైలు తప్పిపోతే స్టేషను మాస్టరుది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు పొయ్యి మీద పాలు పొంగిపోతే, పక్కన నిలబడి ఉన్నందుకు నన్నే తిట్టింది. కోడలు కళ్లార్పకుండా చూస్తుంటే పాలు పొంగక ఏం చేస్తాయట. నాకూ నోరు తక్కువేమీ కాదు. మా ఇద్దరి మాటలు వీధి చివరి దాకా వినబడేవి. ఆ మనిషి గురించి ఎప్పటికైనా ఇలా కూర్చుని రాస్తాననీ, రాస్తూ కళ్లు తుడుచుకుంటాననీ అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేదాన్ని.

నా పుట్టిల్లు పెనుకొండ. మా నాయన మగ్గం మానేసి చిన్న బట్టల అంగడి పెట్టుకున్నాడు కాబట్టి పట్టు నేత గురించి నాకు తెలిసింది తక్కువ. ధర్మవరంలో అత్తగారింట్లో మాత్రం మగ్గం తర్వాతే మనుషులు. ముందు గది మొత్తం మగ్గమే. దాని వెనక మిగిలిన చోటులోనే వంట, పడక, పిల్లల ఆట అన్నీ. మామ నేను రాకముందే పోయాడు. మా ఆయన మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టుకుని నేసేవాడు. మరిది పక్కన కూర్చుని దారాన్ని కండెలకు చుట్టేవాడు. దారం ఎప్పుడు నానాలి, అన్నం ఎప్పుడు ఉడకాలి, ఎవరు ఎప్పుడు నోరు మూసుకోవాలి అన్నీ అత్తే చెప్పేది.

మాది జకార్డు మగ్గం. చీర మీద నెమలో మామిడిపిందో పడాలంటే ఆ బొమ్మకు కావలసిన దారాలు పైకి లేవాలి, లేచినవి మళ్లీ దిగాలి. దిగడానికి ప్రతి దారం కొసనా ఒక సీసం కడ్డీ వేలాడుతుంది. అగ్గిపుల్ల కంటే కాస్త లావు, జానెడు కంటే తక్కువ పొడవు. మా ఆయన తొక్కుడు చెక్క తొక్కినప్పుడల్లా మగ్గం కింద అవన్నీ ఒకదానికొకటి తగిలి గలగలలాడేవి. అవి రాసుకుని రాసుకుని బూడిద రంగు పొడి నేల మీద రాలేది. ఆ శబ్దం వింటూనే మా వీధిలో పిల్లలు నిద్రపోయేవాళ్లు, ఆ నేల మీదే పాకేవాళ్లు.

మా అత్త కనిపెట్టిన అలవాటు ఒకటి ఉండేది. ఆ మగ్గం ఇంటికి వచ్చేసరికి మా ఆయనకు పళ్లన్నీ వచ్చేసి ఎంతో కాలమైంది. మరిది ఆ తర్వాత పుట్టాడు. వాడికి పళ్లు వచ్చేటప్పుడు ఒకటే ఏడుపట, అత్తకు దారం పట్టుకునే తీరిక లేదట. అరిగిపోయి పక్కన పడేసిన కడ్డీ ఒకటి కడిగి, నోటికందేంత పొడుగు ఎర్ర పట్టుదారంతో వాడి మొలతాడుకు కట్టింది. చల్లగా ఉంటుంది, బరువుగా చేతిలో నిలుస్తుంది, చెక్క ముక్కలా చిగురును గీరదు. కొరికితే పంటి గాట్లు పడేంత మెత్తన. పిల్లవాడు ఏడుపు మానేశాడు. వీధిలో ఆడవాళ్లు చూశారు, తమ పిల్లలకూ కావాలన్నారు. మా అత్త హస్తవాసి మంచిదని, ఆమె చేత్తో కట్టిస్తేనే పళ్లు నొప్పి లేకుండా వస్తాయని పేరు పడింది. నేను కాపురానికి వచ్చేనాటికి మా వీధిలోనూ పక్క వీధిలోనూ పాకే ప్రతి బిడ్డ నడుముకూ ఒక కడ్డీ వేలాడేది. ఆ పేరు చూసుకుని అత్త ఎంత మురిసిపోయేదో చెప్పలేను.

మరిదికి అప్పటికి ఇరవై ఏళ్లుంటాయి. చాలా మెత్తని మనిషి. మాటలు తక్కువ, ఉన్నవి కూడా నెమ్మదిగా వచ్చేవి. లెక్క రాదు, బడిలో కూర్చోలేకపోయాడు. కండె చుట్టమంటే మాత్రం దారం తెగకుండా పొద్దుగుంకేదాకా చుట్టేవాడు. చుట్టేటప్పుడు పళ్ల మధ్య ఒక సీసం కడ్డీ పెట్టుకోవడం వాడికి అలవాటు, కొందరు బీడీ పెట్టుకున్నట్టు. దాన్ని చూసి అందరం నవ్వేవాళ్లం. వాడు అలా ఎందుకయ్యాడని అడిగితే అత్త దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. కడుపుతో ఉన్నప్పుడు తెలియక గ్రహణం పూట వాకిట్లోకి వచ్చిందట. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆమె తప్పు ఇంకొకరి మీద వేసేది కాదు, నేరుగా సూర్యుడి మీదే వేసేది.

డెబ్బైల చివర నాకు ఆడపిల్ల పుట్టింది. పళ్లు మొలిచే వేళకు అత్త తానే దగ్గర కూర్చుని కొత్త దారంతో కడ్డీ కట్టింది. పాప ఏడాది దాటగానే మాటలు మొదలుపెట్టింది. అవ్వ, బువ్వ, కాకి, దా. పట్టరాని సంతోషం మాకు. తర్వాత కొద్ది నెలలకు ఏదో తేడా వచ్చింది. ముఖం పాలిపోయింది. విరేచనం కాక, కడుపు పట్టుకుని ముడుచుకునేది. తిన్నది కక్కేది. ఉన్న నాలుగు మాటలూ ఒక్కొక్కటే పోయాయి. చివరికి కాకిని చూపించినా ఊరికే నా ముఖం చూసేది. దిష్టి అన్నారు, మిరపకాయలు తిప్పాం. దవడ పళ్లు వస్తున్నాయేమో అన్నారు, అత్త కడ్డీ నోటికి అందించేది. అప్పుడు పాప ఊరుకునేది కూడా. నా కూతురు నన్ను పిలవడం మరిచిపోయిందని నాకు లోపల ఒకటే దిగులు.

మార్పు కోసమని పాపను తీసుకుని పెనుకొండ పోయాను. అక్కడ ఒకరోజు పొద్దున్నే, మా అమ్మ ఒళ్లో ఉండగానే పాప కళ్లు తేలేసి కొట్టుకోవడం మొదలుపెట్టింది. నాయన అంగడి తెరవకుండానే మమ్మల్ని ప్యాసింజరు ఎక్కించి హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోయాడు. ధర్మవరానికి ఎవరి చేతనో కబురు పంపాడు. ఆ రైల్లో నేను మొక్కని దేవుడు లేడు.

ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఉండేది. సన్నగా, విసుగు లేకుండా మాట్లాడే మనిషి. సూది వేసి కొట్టుకోవడం ఆపింది. పాప ఏమైనా మింగిందేమోనని ఎక్స్‌రే తీయించింది. కాసేపటికి ఆ ఫిలిమును కిటికీ వెలుతురుకు పట్టుకుని నన్ను పిలిచింది. పాప నడుము దగ్గర తెల్లగా, నిటారుగా ఒక గీత కనబడింది. అది మొలతాడుకున్న కడ్డీ, దాన్ని విప్పాలని ఎవరికీ తోచలేదు. ఆ గీతకు దూరంగా, కడుపులో, బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు ఉన్నాయి. రెండు తెలుపులూ ఒకటే. డాక్టరమ్మ పాప కింది పెదవి వంచి చూసింది, చిగురు పంటిని తాకే చోట సన్నటి నీలి నలుపు చార. ఆమెకు నేనేమీ చెప్పనవసరం లేకపోయింది. కడ్డీ సీసమా అని మాత్రం అడిగింది.

మధ్యాహ్నం రైలుకు అత్త వచ్చింది. రావడమే కోపంగా వచ్చింది, బిడ్డను పుట్టింటికి తీసుకుపోయి పాడుచేశానని. కొంగు ముడిలో కుంకుమ పొట్లం, దానితోపాటు ఇంకో కొత్త కడ్డీ. పాతది అరిగిపోయింది, నోటికి గుచ్చుకుంటుందేమోనని తెచ్చిందట. డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టి ఎక్స్‌రే చూపించి, సీసం విషమని, పెద్దల కంటే చిన్నపిల్లలకు ఎక్కువ ఎక్కుతుందని, రక్తాన్ని తగ్గించి మెదడును పట్టుకుంటుందని మెల్లగా చెప్పింది. అత్త ఒంటికాలి మీద లేచింది.

"నా బిడ్డలకు గూడా నేను ఇదే ఇచ్చినా. ఏమయింది వాళ్లకి?"

ఆ మాట అన్నది, అని ఆగిపోయింది. మా ఆయన పుట్టినప్పుడు ఆ మగ్గమే లేదు. ఆమె కడ్డీ కట్టిన కొడుకు ఒక్కడే. తన ప్రశ్నకు జవాబు తనకే వినబడిందని ఆ ముఖం చూస్తే నాకు అర్థమైంది. గోడకు ఆనుకుని మెల్లగా నేల మీద కూర్చుండిపోయింది. అక్కడి నుంచే డాక్టరమ్మను ఒకే ఒక మాట అడిగింది.

"పెద్దోళ్లయినాక దిగుతాదా అమ్మా ఇది?"

చిన్నపిల్లల్లో తొందరగా పట్టుకుంటే చాలా వరకు తిరిగి వస్తుందని, పెద్దవాళ్లలో మానిపిస్తే ఇంకా ముదరకుండా ఉంటుందే కాని, చిన్నప్పుడు పోయింది రావడం కష్టమని డాక్టరమ్మ చెప్పింది. ఎవరి గురించి అని అడిగింది. అత్త కొంగు ముడి విప్పి కొత్త కడ్డీని ఆమె బల్ల మీద పెట్టింది. అంతే.

పాప రక్తం బెంగుళూరుకు పంపారు. సూదిమందు కూడా అక్కడి నుంచే రావాలి, వచ్చింది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు అత్త నాతో పోట్లాడలేదు. ఆమె పోట్లాడకపోతే నాకు భయం వేసేది. పాపకు రాగి జావ, పాలు తాగించేది. మునగాకు ఉడికించి మెత్తగా పిసికి పెట్టేది. మిగిలిన వేళ డాక్టరమ్మ వెంట నీడలా తిరిగేది. చూడడం నేర్పమని అడిగిందట. కింది పెదవి ఎలా వంచాలి, చార ఎక్కడ ఉంటుంది, కింది రెప్ప లాగితే ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లగా ఉంటే దాని అర్థమేమిటి, అన్నీ నేర్చుకుంది. చార లేకపోయినా విషం ఉండవచ్చని, కడుపునొప్పి, మలబద్ధకం, మాట తగ్గడం ఉంటే వెంటనే పంపమని డాక్టరమ్మ పదేపదే చెప్పింది. ఆ డాక్టరమ్మను తలుచుకుంటే ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది. తప్పు చేసిన మనిషిని ఒక్క మాట అనలేదు. అనకుండా పని అప్పగించింది.

ధర్మవరం వచ్చిన మర్నాడే అత్త ఇల్లు తిరగేసింది. మగ్గం కింద కడ్డీల చుట్టూ పాత చీరలు కుట్టి తెరలాగా కట్టింది, పిల్లల చెయ్యి దూరకుండా. చీపురుతో ఊడ్చడం మాన్పించింది. ఊడిస్తే పొడి లేస్తుందని తడిగుడ్డతోనే తుడవాలంది. ఆ తేమకు పట్టు పాడవుతుందని మా ఆయన గొణిగాడు. పట్టు పాడైతే ఇంకో పట్టు దొరుకుతుందిలే అంది. మగ్గం దిగినవాళ్లు చేతులు కడుక్కోకుండా పాపను ఎత్తుకుంటే ఆ ఇంట్లో వాళ్లకు అన్నం లేదు. ఇనుప కడ్డీలు వేద్దామా అని కూడా ఆలోచించారు కాని, తుప్పు మరక పట్టుకు అంటుతుందని మానుకున్నారు.

కష్టమైంది మరిదితోనే. వాడి పళ్ల మధ్య కడ్డీ తీసేస్తే కండె చుట్టడం మానేసి కూర్చున్నాడు. తెర కింద చెయ్యి పెట్టి ఇంకొకటి పీక్కున్నాడు. అది లాక్కుంటే చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. తియ్యగా ఉంటుందని చెప్పాడు, అదీ నెమ్మదిగా, మాకు తెలియదేమో అన్నట్టు. అత్త ఆ మాట విని లోపలికి పోయింది. సందు మొదట్లో ఉన్న సాయిబు అంగడిలో దగ్గుకు వాడే అతిమధురం పుల్లలు దొరికేవి. కట్ట తెచ్చి ఒకటి వాడి నోట్లో పెట్టింది. నాలుక మీద తిప్పి చూసుకుని, కండె మళ్లీ తిప్పాడు. పాపను చూపించడానికి పోయినప్పుడు వాణ్ణి కూడా హిందూపురం తీసుకుపోయాం. డాక్టరమ్మ వాడి నోరు చూస్తున్నంతసేపూ అత్త వరండాలో నిలబడి బయటికి చూస్తూ ఉంది. వాడికి మందులు రాసిచ్చి, కడ్డీ మళ్లీ నోట్లో పెట్టనివ్వద్దని మాకు చెప్పింది.

ఇక వీధి మిగిలింది. ఎంతమంది పిల్లలకు తన చేత్తో కట్టిందో అత్తకు తెలుసు, ఆ ఇళ్లన్నీ తెలుసు. నేతవాళ్లకు అమావాస్య సెలవు, ఆ రోజు మగ్గం ఆడదు. అందరూ ఇళ్లలో ఉంటారని అత్త అమావాస్యనే ఎంచుకుంది. అమావాస్య పూట ఒక ముసలామె గడప దాటి వచ్చి పసిపిల్లల నోరు తెరిచి చూస్తానంటే ఎవరు ఒప్పుకుంటారు? కొందరు బిడ్డ నిద్రపోతోందన్నారు. కొందరు చూడనిచ్చి, మేం వాకిలి దాటకముందే ఉప్పు మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేశారు. ఆ ఘాటుకు మేమిద్దరం దగ్గుకుంటూ పక్కింటికి పోయేవాళ్లం. నాకు తల కొట్టేసినట్టుండేది. ఒకప్పుడు పీట వేసి కూర్చోబెట్టిన ఇళ్లలో ఇప్పుడు నిలబెట్టే మాట్లాడించేవాళ్లు. అత్త మాత్రం వచ్చే అమావాస్యకు మళ్లీ అదే గడప ముందు నిలబడేది.

పిల్లలు నోరు తెరవరు, అది ఇంకో తంటా. పెదవి వంచబోతే కొరికేవాళ్లు. ఒకసారి మరిది మా వెంట వచ్చాడు, సెలవు రోజు ఇంట్లో తోచక. ఏడుస్తున్న ఒక పిల్లవాడి ముందు గొంతుక్కూర్చుని తన నోరు పెద్దగా తెరిచి, కింది పెదవి తానే వేళ్లతో కిందికి లాగి చూపించాడు. పిల్లవాడు ఏడుపు ఆపి చూశాడు, తన పెదవీ అలాగే లాగాడు. ఆ రోజు నుంచి మరిది లేకుండా అత్త గడప దాటలేదు. పిల్లలంతా వాడి ముఖం చూసి నోరు తెరిచేవాళ్లు, ఆ ఒక్క క్షణంలో అత్త చూడవలసింది చూసుకునేది. ఒక్కటి నేను గమనించాను. వాడు నోరు తెరిచినప్పుడల్లా అత్త కళ్లు పిల్లవాడి వైపే ఉండేవి, పొరపాటున కూడా కొడుకు వైపు తిరిగేవి కావు.

చార కనబడిన పిల్లలను, పాలిపోయిన పిల్లలను తల్లులతో సహా రైలెక్కించి హిందూపురం తీసుకుపోయేది. కడ్డీలు ఒక గుడ్డసంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేది. ఈలోగా మా పాప కోలుకుంటోంది. బుగ్గలకు రంగు వచ్చింది, ఆకలి వచ్చింది. ఒకరోజు మామూలుగా గిన్నె చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చి బువ్వ అంది. నేను దాన్ని ఎత్తుకుని ఇల్లంతా తిరిగాను. అత్త నవ్వు ఆపుకుంటూ, ముందు అవ్వ అనకుండా తిండి గురించి అడిగిందని పాప మీద అలిగింది. మాటలు మెల్లగా అన్నీ తిరిగి వచ్చాయి. కొన్ని పనులు ఈడు పిల్లల కంటే ఆలస్యంగా నేర్చుకుంది, నేర్చుకుంది మాత్రం నేర్చుకుంది.

చివరికి ఒక ఇల్లే మిగిలింది. పక్క వీధిలో, మా అత్తకు వరసకు కోడలయ్యే ఆమెది. ఆమె కొడుకుకు రెండో ఏడు, వాడికి కడ్డీ కట్టింది మా అత్తే. ఎన్ని అమావాస్యలు పోయినా ఆమె విప్పనివ్వలేదు. ఆ రోజు కూడా పిల్లవాణ్ణి చంకన వేసుకుని గడపలోనే నిలబడింది. పిల్లవాడి ముఖం గోడ సున్నంలా ఉంది. కడ్డీ నోట్లోనే ఉంది. చుట్టుపక్కల ఆడవాళ్లు వాకిళ్లలోకి వచ్చి చూస్తున్నారు. ఆమె అత్తతో అంది:

"మీ వాడికి గ్రహణం తగిలిందని నువ్వే గదా అత్తా ఊరంతా చెప్పినావు. ఇప్పుడు వచ్చి కడ్డీ కడ్డీ అంటాండావు."

నేను మా అత్త వైపు చూశాను. ఉప్పు ఎక్కువైతే చింతపండు మీద వేసే మనిషి. ఇరవై ఏళ్లుగా ఆ గ్రహణాన్ని అడ్డం పెట్టుకుని బతికిన మనిషి. నేను ఆమె చెయ్యి పట్టుకుందామనుకున్నాను, ధైర్యం చాలలేదు.

"గ్రహణం గాదు మే. నేనే," అంది అత్త. వీధి మొత్తానికి వినబడేలా అంది. "నా చేత్తోనే కట్టినా, నా చేత్తోనే నా బిడ్డను ఇట్ల చేసుకున్యా. నీ బిడ్డకూ ఈ చేత్తోనే కట్టినా. విప్పనీ మే."

మరిదికి ఆ మాటలు ఎంత వరకు అర్థమయ్యాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఎప్పటిలాగే ముందుకు వచ్చి, పిల్లవాడి ముఖానికి తన ముఖం దగ్గరగా పెట్టి నోరు తెరిచాడు, పెదవి కిందికి లాగాడు. పిల్లవాడు నోట్లో కడ్డీ వదిలేసి వాణ్ణే చూస్తూ నోరు తెరిచాడు. అత్త వంగి చూసింది. చార ఉంది. మా పాపకు ఉన్నంత ఉంది. తల్లి కూడా చూసింది.

మరిది మాత్రం నోరు మూయలేదు. పెదవి అలాగే పట్టుకుని అత్త వైపు తిరిగాడు.

"నాది సూడు మా."

ఊళ్లో అందరి పిల్లల నోళ్లూ చూసిన మా అత్త ఆ ఒక్క నోరూ అంతవరకు చూడలేదు. ఆ ఎండలో, అందరి ముందూ, కొడుకు గడ్డం పట్టుకుని తల పైకెత్తి చూసింది. ఇన్ని నెలల తర్వాత కూడా అక్కడ చార మసకగా మిగిలే ఉంది.

"ఉండాది నాయనా," అంది.

వాడు తల ఊపాడు, తెలిసిన సంగతే అన్నట్టు. ఆమె కొంగుతో వాడి గడ్డం తుడిచి, సంచిలోంచి ఒక అతిమధురం పుల్ల తీసి వాడి చేతికిచ్చింది. అప్పటికే ఆ తల్లి పిల్లవాడి మొలతాడుకున్న కడ్డీ ముడి విప్పుతోంది. పట్టుదారం బిగుసుకుపోయి ఎంతకీ రాలేదు. అప్పుడు పిల్లవాణ్ణి అత్త ముందుకు పెట్టింది. అత్త వంగి దారం అందుకుంది. తాను వేసిన ముడి కదా, తానే విప్పింది.